పాట మనకు, ఉడుకు పెరుగుకు

మా అత్తయ్య పోయారని దవాఖాన నుంచి మా ఆయన ఫోన్ చేసేసరికి తెల్లవారింది. "అమ్మ లేదు" అన్నారు. "మరి పెరుగు?" అన్నాను నేను. ఎందుకలా అన్నానో ఇప్పటికీ తెలియదు.

ముందు సాయంత్రమే ఆవిడ పాలు తోడుపెట్టి, గిన్నెను పాత యాంప్లిఫైయర్ మీద ఉంచారు. అంతలోనే గుండెలో నొప్పి అన్నారు. నేను కంగారుగా పాట ఆపి పెట్టె కట్టేశాను, మా ఆయన ఆవిణ్ణి దవాఖానకు తీసుకెళ్లారు.

మీకు నవ్వు రావచ్చు. బోరబండ ఇల్లు వదిలి మా గోపన్‌పల్లి ఫ్లాట్‌కు వచ్చినప్పుడు ఆవిడ పట్టుబట్టి తెచ్చుకున్నవి మామయ్య వాడిన ఆ యాంప్లిఫైయర్, ఒక గిన్నెడు పెరుగు. చలికాలం మా ఇంట్లో పాలు ఓ పట్టాన తోడుకోవు. పాటలు వింటుంటే ఆ పెట్టె పైరేకు వెచ్చబడేది. గిన్నెకు బట్ట చుట్టి దానిమీద పెట్టేవారు.

"షాక్ కొడుతుందేమో అత్తయ్యా, తీసేయండి" అనేదాన్ని.

"నీకు ఫికర్ ఎక్కువ బిడ్డా. జర చెయ్యి పెట్టి సూడు."

కోస్తా నుంచి వచ్చి ఈ ఊళ్లో బిక్కుబిక్కుమంటున్న నాకు ఏదైనా చెయ్యి పెట్టి చూడడం నేర్పింది ఆవిడే.

ఒకసారి మా ఆయన అరచేతిలో పట్టే కొత్త స్పీకర్ కొన్నారు. పాత పెట్టె తాగే కరెంటులో చాలామటుకు వేడిగా వేస్టవుతుందని, పాటయ్యేది చిటికెడేనని వాళ్లమ్మకు చెప్పారు. ఆవిడ కొత్తదాన్ని తడిమి చూశారు. "గిది పాడుతది గని ఒంట్ల ఉడుకు లేదు. వేస్టంటవేందిరా? పాట మనకు, ఉడుకు పెరుగుకు."

మరి విన్న పాట ఎటు పోతుందని నేనడిగాను. అదీ చివరికి గోడల్లో, పరదాల్లో వేడే అవుతుందన్నారాయన. కోడ్ రాసి బతికేదాన్నే గానీ నా బుర్రకెక్కలేదు. అత్తయ్య పరదా పట్టుకుని చూసి, "ఏమో, నాకైతె సల్లగనే ఉన్నది" అని నవ్వారు.

ఆ తెల్లవారి గిన్నెలో పాలు పాలుగానే ఉన్నాయి. చావింట్లో పాట మోగకూడదు. పెట్టె వెయ్యకపోతే ఆవిడ చేత్తో తోడుపెట్టిన ఆఖరి పాలు పాడైపోతాయి. ఏం తోచక మీట నొక్కి, సౌండ్ పూర్తిగా తగ్గించేశాను. పాట లేదు. కాసేపటికి పైరేకు మాత్రం వెచ్చబడింది. పాడకపోయినా అది కరెంటు తాగుతూనే ఉంటుందట.

బోరబండ నుంచి ఆవిడ చెల్లెలు వచ్చి పెట్టె మీది ఎర్ర లైటు చూశారు. "ఏంది, పాట పెట్టినవా?"

"లేదు చిన్నత్తయ్యా, సౌండ్ తీసేశానండి. పెరుగు కోసం."

"సావైన ఇంట్ల పాలు ఉంచొద్దు, పారబొయ్యాలె" అంటూ గిన్నె తియ్యబోయి, బట్ట వెచ్చగా తగిలి ఆగిపోయారు. "అక్క తోడువెట్టిందా?"

"అవునండి."

చాలాసేపు చెయ్యి తియ్యలేదు. "ఇగ ఉండనియ్యి" అన్నారు.

ఆ పెరుగే ఇవాళ్టికీ మా ఇంట్లో తోడు. మైల ఎప్పుడో తీరింది, పాట పెట్టుకోవచ్చు. పెడదామంటే చెయ్యి రాదు, పెట్టె ఆపేద్దామంటే పెరుగు తోడుకోదు. ఆవిడ మీద బెంగ మాత్రం తగ్గలేదు. ఆఫీసు నుంచి రాగానే గిన్నె మీద చెయ్యి వేస్తాను. ఎర్ర లైటు వెలుగుతుంటుంది, ఇంట్లో చప్పుడుండదు, గిన్నె వెచ్చగా ఉంటుంది.