కలపకుండానే పాకిన రంగు

సిరిసిల్లలో నూలుకు రంగు వేయడం నా పని. మొన్న తొమ్మిదో తరగతి చదివే మా బిడ్డ సైన్సు పేపరు చూపించి ఏడ్చింది. ‘వ్యాపనశీల పదార్థం’ అంటే తనంతట తానే అంతటా పరుచుకునేదని రాసి, నీళ్లలో వేసిన రంగును ఉదాహరణగా ఇచ్చింది. సారు సున్నా వేశాడు. నాకు ఒళ్లు మండింది. చిటికెడు ఎర్ర రంగు పొట్లం కట్టుకుని నేరుగా క్లాసుకే పోయి, సున్నా ఎందుకేశారని అడిగాను.

“గైడుల ఉదాహరణకు అగరుబత్తి వాసననే ఉన్నదన్నా” అన్నాడు సారు.

“గైడు ఎన్నడన్న నూలుకు రంగేసిందా సారూ? గిటు సూడుండ్రి!” అంటూ గ్లాసు నీళ్లలో రంగు వేశాను. కలపకపోతే నూలుకు మచ్చలు పడతాయని ఇరవై ఏళ్ల అలవాటాయె, వేలు పెట్టి గిరగిరా తిప్పేశాను.

“మీరే కలిపిండ్రు గదా! తనంతట తాను ఏడ పరుచుకున్నది?” అన్నాడు సారు. క్లాసంతా ఒకటే నవ్వు.

మా బిడ్డ ఇంకో గ్లాసు నీళ్లు తెచ్చి, పొట్లంలో మిగిలిన రంగు అందులో వేసింది. “బాపూ, నువ్వు చేతులు ఎనుకకు కట్టుకో.”

ఎవరూ ముట్టకుండానే రంగు మెల్లమెల్లగా గ్లాసంతా పాకింది.

సారు అరమార్కు వేశాడు. మిగిలిన అర ఎందుకు ఆపారని నేను నోరు తెరిచేలోపే మా బిడ్డ నన్ను బయటికి లాక్కొచ్చింది. కళ్లముందు జరిగినదాన్ని కూడా గైడును అడిగి నమ్మే చదువు ఏం చదువు? ఇప్పటికీ నాకు నా వేలి మీదకన్నా ఆ గైడు మీదే కోపం.