కాయని పనసకు పూచీ

మా పక్క వాటాలో ఉండే అమ్మాయి డాబా మీద డ్రమ్ముల్లో పండ్ల మొక్కలు పెంచుతోంది. ఏ నెలలో ఏం చెయ్యాలో ఫోను చెబుతుందట. కడియం నుంచి తెచ్చిన అంటు మామిడి రెండేళ్ళయినా పూత పట్టలేదని, దాన్ని పీకేసి వేరేది పెడతానని మొన్న అంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. పెరటి చెట్ల మధ్య కాపురం చేసినవాళ్ళకి ఎందుకో చెప్పక్కర్లేదు గానీ, చెప్పుకోవాలనిపించింది.

మా అత్తగారికి పంచాంగం కంటే పెరడు మీదే గురి. మాఘంలో మామిడి పూత మీద మంచు పడితే ఆవిడ మొహం మాడిపోయేది, వైశాఖంలో పండుని కాకి ముట్టేలోగా దింపించేవారు, ఆషాఢంలో వాన పడగానే పాదులు తవ్వించి పశువుల ఎరువు వేయించేవారు, శ్రావణమంతా జామకాయల కోసం చిలకలతో తగవు, ఆశ్వయుజంలో సీతాఫలాలు బియ్యంలో మగ్గపెట్టేవారు, కార్తికం వస్తే ఉసిరి చెట్టుకి పసుపూ కుంకుమా. ఇక పుష్యంలో, కాయని చెట్టుని గొడ్డలితో బెదిరించడం ఒక వేడుక. ఒకరు గొడ్డలెత్తి నరికేస్తాననాలి, ఇంకొకరు అడ్డుపడి వచ్చే ఏడు కాస్తుందని పూచీ పడాలి. ఆ భయానికి చెట్టు కాస్తుందని నమ్మకం.

మా పెరట్లో నూతి పక్క పనస ఏళ్ళ తరబడి కాయలేదు. పూచీ పడేది మా తోడికోడలు, ఎందుకంటే ఆ మాట పిల్లల తల్లి అంటేనే చెట్టు వింటుందట. ఒక ఏడు ఆవిడ పురిటికి పుట్టింటికి వెళ్ళింది. ఇంట్లో మిగిలిన కోడలిని నేను, పెళ్ళయి ఆరేళ్ళయినా కడుపు పండనిదాన్ని. మా ఆడపడుచు అప్పటికే తన తమ్ముడికి, అంటే మా ఆయనకి, రెండో సంబంధం మాట ఎత్తింది. అత్తగారు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆ మౌనానికి నాకు రాత్రిళ్ళు కంటి మీద కునుకుండేది కాదు.

ఆడపడుచు నూతి గట్టు మీద కూర్చుని చూస్తుండగా అత్తగారు గొడ్డలెత్తి, "నరికెయ్యమంటావా?" అని అడిగారు. చెప్పాల్సిన మాట నాకు తెలుసు. కానీ వచ్చే ఏడు కాస్తుందని నేను ఏ మొహం పెట్టుకుని పూచీ పడను?

"కాయకపోతే కాయకపోనివ్వండి అత్తయ్యగారూ. ఉండనివ్వండి," అన్నాను.

ఆవిడ గొడ్డలి దించారు.

"ఉండనీ అమ్మా. మన పెరట్లోదే కదా," అన్నారు.

తర్వాత కూతురి వైపు తిరిగి, ఈ ఇంట్లో ఆ సంబంధం మాట ఇంకెవరూ ఎత్తకూడదని చెప్పి, కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయారు.

ఇప్పుడు కాయని మొక్కలకి మందులొచ్చాయి, నాబోటివాళ్ళకి ఆస్పత్రులొచ్చాయి. నా రోజుల్లో అవి లేకపోయాయే అన్న బాధ ఇప్పటికీ ఉంది, లేదంటే అబద్ధం. కానీ చెట్టుకైనా మనిషికైనా గడువు పెట్టడం ఎక్కువైంది, గడువు దాటాక కూడా ఉండనీ అనే పెద్దదిక్కు కరువైంది. మా పనస చివరిదాకా ఒక్క కాయ కాయలేదు, నేనూ అంతే. పోయే ముందు వేసవి అంతా అత్తగారు ఆ చెట్టు నీడనే మంచం వేయించుకుని, నన్ను పక్కన కూర్చోమనేవారు.