టీచరమ్మ వీడియోలు

కాకినాడలో జిమ్ ఉద్యోగం మానేసి ఆన్‌లైన్ కోచింగ్ మొదలుపెట్టినప్పుడు, నన్ను నమ్మి మొదట చేరినావిడ ఉప్పాడలో ఒక టీచరమ్మ. నాకంటే ఇరవయ్యేళ్లు పెద్ద. అయినా, నేను చూసి తప్పులు చెప్పడానికి రోజూ పంపే వీడియోలో, వ్యాయామానికి ముందు ఫోనుకి చేతులు జోడించి "నమస్కారమండి మాస్టారూ" అనేవారు.

నలభై మంది చేరాక నేను వీడియోలు తెరవడం మానేశాను. అందరికీ ఒకటే జవాబు: "సూపర్, ఇలాగే చేయండి."

ఒకరోజు ప్రకటనలో పెడదామని ఆవిడ పాత వీడియోలు తెరిచాను. ఒకదాంట్లో స్క్వాట్స్ మధ్యలో ఆపి, వాచిన మోకాలు చూపిస్తున్నారు. "నొప్పిగా ఉందండి. మానేయమంటారా?"

దాని కింద నా జవాబు ఉంది. ఆ తర్వాత ఆవిడ కుంటుతూ చేసిన వీడియోలు ఇంకో పన్నెండు ఉన్నాయి.

వెంటనే ఫోన్ చేశాను. "మీరు చూసే చెప్పారనుకున్నానండి" అన్నారు.

సిగ్గేసి, చూడలేదన్న సంగతి దాచేశాను. "ఇక ఆపేయండి, డాక్టరుకి చూపించండి" అన్నాను.

"ఇంత మందిలో నన్ను గుర్తుపెట్టుకుని ఫోన్ చేశారు, చాలా థాంక్సండి" అన్నారావిడ.