ఊరుకాని ఊళ్లో నాన్న మాత్రలు

రిటైరయ్యాక మా నాన్నకు చెక్కబొమ్మల పిచ్చి పట్టుకుంది. ఆయన చెక్కిన ఏనుగులన్నిటికీ తొండాలు విరిగేవి. కొండపల్లివాళ్లు కర్రను ఎలా ఆరబెడతారో కళ్లారా చూడాలని పట్టుబడితే, 2003 వేసవిలో నాగపూర్ నుంచి ఇద్దరం బయలుదేరాం. పొద్దున్నే విజయవాడలో దిగి గవర్నరుపేటలో ఒక లాడ్జిలో చేరాం. టిఫిన్ తిన్నాక నాన్న ఫిట్స్ మాత్రల డబ్బా కనిపించలేదు.

రైల్లో ఎవరూ ఎత్తుకుపోనిది పులిహోర సంచి ఒక్కటేనని ఆయన నమ్మకం. అందుకే డబ్బాను అందులో దాచారు. మిగిలిన పులిహోరను ఖమ్మంలో దిగుతున్న ఒక ముసలావిడకు సంచితో సహా ఇచ్చేశారు!

"పాపం, ఆవిడ అవేంటో తెలియక మింగదు కదా?" అన్నారు నాన్న.

"ముందు నీ సంగతి చూద్దాం. ఇకమీదట ఎవరికీ ఏమీ ఇవ్వకు నాన్నా," అని కసిరాను.

నాకు భయంగా ఉంది. అంతకుముందు ఏడాది మాత్రలు మానితే ఆయన వంటింట్లో పడిపోయి తల పగలగొట్టుకున్నారు. రాత్రి మాత్ర పడాల్సిందే, అది దొరక్కుండా లాడ్జికి తిరిగి వచ్చేది లేదనుకున్నాను. మాత్ర పేరు ఇద్దరికీ గుర్తులేదు. నాన్నకు తెలిసిందల్లా అది తెల్లగా ఉంటుందని. ఎస్టీడీ బూత్ నుంచి నాగపూర్‌లో తమ్ముడికి ఫోన్ చేస్తే, చీటీ మీద డాక్టరు రాత అర్థం కావట్లేదన్నాడు. దాన్ని ఆఫీసులో స్కాన్ చేసి నాకు మెయిల్ పెట్టమన్నాను.

లాడ్జి పక్క సందులో మేడమీద ఇంటర్నెట్ సెంటర్ ఉంది. గంటకు ముప్పై రూపాయలు. మధ్యాహ్నానికి మెయిల్ వచ్చింది కానీ చీటీ తెరుచుకోదు. "బాగా పెద్ద సైజులో పంపారండీ, టైం పడుద్ది," అన్నాడు ఓనరు. సగం కనిపించేసరికి కరెంటు పోయింది. "భోంచేసి రండి మేడమ్," అన్నాడు. నేను కుర్చీ వదల్లేదు. చెమటలు కక్కుతూ కూర్చుని, కరెంటు రాగానే మళ్లీ మొదలుపెట్టి ప్రింటు తీయించాను.

మందుల షాపతను ప్రింటు చూసి తల అడ్డంగా ఊపాడు. "ఫిట్స్ మందులు కదమ్మా, ఇక్కడి డాక్టరుగారితో రాయించుకు రండి, వెంటనే ఇస్తాను." అతను చెప్పినట్టే ఆటోలో సూర్యారావుపేట వెళ్లాం. ఆ వీధుల్లో ఎటు చూసినా డాక్టర్ల బోర్డులే. అయితే చాలామంది సాయంత్రమే చూస్తారు, టోకెన్లేమో పొద్దున్నే ఇచ్చేస్తారు. ఆ సంగతి మాకెలా తెలుస్తుంది?

"టోకెన్లయిపోయినయ్యండీ, రేపు రండి," అన్నాడు ఒక క్లినిక్‌లో కాంపౌండరు.

"రాత్రి వేసుకోవాల్సిన మాత్ర రేపు రాయించుకోమంటారా? డాక్టరుగారు బయటికొచ్చేదాకా ఇక్కడే నిలబడతాం," అన్నాను.

బెంచీ చివర కూర్చున్న ఒకావిడ తన టోకెన్ నా చేతిలో పెట్టింది. "మా నంబరు మీద ఎళ్లండమ్మా, మేం ఆఖర్న చూపించుకుంటాం. మాది హనుమాన్ జంక్షన్, మాకు బస్సులు ఎప్పుడూ ఉంటయ్. ఊరుగాని ఊరొచ్చారు మీరు." నాకు ఏడుపొచ్చినంత పనయింది. డాక్టరుగారు ప్రింటు చూసి, నాన్నను నాలుగు ప్రశ్నలు అడిగి, అదే మందు రాశారు. షాపు మెట్ల మీదే నీళ్లు కొని నాన్న చేత మాత్ర వేయించాను.

మర్నాడు బస్సులో కొండపల్లి వెళ్లాం. అక్కడ బొమ్మలు చెక్కే తెల్లపొణికి కర్రను సన్నని సెగ మీద ఎలా ఆరబెడతారో నాన్న సాయంత్రం దాకా చూశారు.

ఇలా పెద్దవాళ్లతో బయలుదేరేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: మందుల చీటీని ముందే స్కాన్ చేయించి, చిన్న సైజులో మీ మెయిల్‌కే పంపి ఉంచుకోండి. ఏ ఊళ్లోనైనా తెరిచి చూపించొచ్చు. ఆ రోజు మెయిల్ నాకు మాత్ర పేరైతే చెప్పింది గానీ, డాక్టరుగారి గది దాకా తీసుకెళ్లింది ఆ హనుమాన్ జంక్షన్ ఆవిడే. ఆవిడ కూడా నాలాగే ఎవరికీ ఏమీ ఇవ్వకూడదనుకుని ఉంటే మా గతేమిటి? తిరుగు రైల్లో ఎదుటి సీట్లో పిల్లలతో కూర్చున్న ఒక తల్లి వైపు, మా ఇడ్లీ పొట్లాల సంచి వైపు నాన్న మార్చి మార్చి చూశారు. మాత్రలు చొక్కా జేబులోనే ఉన్నాయని తడిమి చూసుకున్నారు. పొట్లాలు బయటపెట్టి, ఖాళీ సంచిని నా ముందు బోర్లించి దులిపారు.

"ఇవ్వచ్చామ్మా?"

"ఇవ్వు నాన్నా."