తెయ్‌జే పనిచేసిన భాషా సంస్థ

ప్లెయిన్స్‌బరోలో మేం అద్దెకున్న అపార్ట్‌మెంట్‌కి సరిగ్గా పైన ఒక టర్కీ కుటుంబం ఉండేది. ఆ ఇంటావిడ మావారి ల్యాబ్‌లోనే కెమిస్ట్. ఎనభై ఒకటిలో ఆమెకి పాప పుడితే, సాయానికని అంకారా నుంచి వాళ్ళమ్మ వచ్చింది. ఆరు నెలలుందామని వచ్చిన మనిషి మూడేళ్ళు ఉండిపోయింది.

లాండ్రీ రూమ్‌లో మొదటిసారి కలిసినప్పుడు అలవాటుగా ఆంటీ అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఆంటీ అంటే ఎవరు? అమ్మ తోడబుట్టిందా, నాన్న తోడబుట్టిందా? మా భాషలో రెంటికీ వేరు వేరు మాటలున్నాయి. నన్ను తెయ్‌జే అను. అమ్మ అక్కచెల్లెళ్ళని అలా అంటాం."

మాకూ పిన్ని వేరు, మేనత్త వేరు అని చెప్పాను. ఆ రెండు మాటలూ నా చేత నాలుగుసార్లు పలికించుకుని, జేబులోని చిన్న కాగితం మీద రాసుకుంది. ఉతికిన బట్టలు ఆరబెట్టే మెషీన్ ఆగిపోయినా మేమిద్దరం అక్కణ్ణించి కదల్లేదు.

అప్పట్లో నేను దగ్గర్లోని యూనివర్సిటీ లైబ్రరీలో, పత్రికల సెక్షన్‌లో పనిచేసేదాన్ని. ఏ దేశం నుంచి ఏ సంచిక వచ్చిందో కార్డుల మీద గుర్తు పెట్టడం నా పని. వాటిలో టర్కీ భాషా సంస్థ వేసే మాసపత్రిక ఒకటి. ఆ సంగతి తెయ్‌జేకి చెప్పాను. "నేను ఉద్యోగం చేసింది అక్కడే," అంది.

తనకి పంతొమ్మిదేళ్ళప్పుడు కొండల్లోని ఒక పల్లెకి టీచర్‌గా పంపారట. అరబ్బీ, పారసీ మాటలు తగ్గించి జనం మాటలతో భాషని నిలబెట్టాలని దేశ స్థాపకుడు పెట్టించిన సంస్థ అది. ఊరూరా టీచర్లకి చీటీలు పంపేది. చీటీకి ఒక మాట, దాని అర్థం, ఏ ఊళ్ళో విన్నారో రాసి తిప్పి పంపాలి. తెయ్‌జే రొట్టెలు కాల్చే ఆడవాళ్ళ పక్కన కూచుని వందల కొద్దీ చీటీలు రాసింది. ఆ రాత చూసి అంకారాకి పిలిచారు. రిటైరయ్యేదాకా నిఘంటువు గదిలోనే ఉంది.

"చిన్నప్పుడు బడిని మెక్‌తెప్ అనేవాళ్ళం. నేను టీచర్‌నయ్యేసరికి అది ఒకుల్ అయింది. ఆ మార్పు నా కళ్ళముందే జరిగింది," అనేది. "అది సర్కారు ఆఫీసు కాదు, సభ్యుల సంఘం. ఓట్లేసి మా పెద్దల్ని మేమే ఎన్నుకునేవాళ్ళం. పోట్లాడుకునేవాళ్ళం కూడా."

ఆమె వచ్చేనాటికే అక్కడ సైన్యం అధికారం చేతిలోకి తీసుకుంది. అయినా పత్రిక నెలనెలా వస్తూనే ఉంది. నేను లైబ్రరీలో చూసి, "ఈ నెలదీ వచ్చింది తెయ్‌జే" అని చెప్పేదాన్ని.

ఎనభై మూడులో తెయ్‌జేకి సంస్థలో తనతో పనిచేసిన స్నేహితురాలి నుంచి ఉత్తరం వచ్చింది. తెయ్‌జే అది పట్టుకుని మెట్లు దిగి మా ఇంటికొచ్చింది. కొత్త చట్టంతో సంస్థ ప్రభుత్వం కిందికి పోయింది. ఇక ఎన్నికలు లేవు, సంఘమూ లేదు. పాత సభ్యులు సభ్యులు కారు.

"నేనూ కానట," అంది. "నాకెవరూ చెప్పనైనా చెప్పలేదు."

నాకు చేతనైంది టైపింగ్. ఆమె చెప్తుంటే లంచ్ టైంలో ఆఫీసు టైప్‌రైటర్ మీద ఉత్తరాలు కొట్టాను. టర్కీ భాష చెప్పే ప్రొఫెసర్లకి, ఒక పత్రికా సంపాదకుడికి. ఒక్కరే జవాబిచ్చారు. చాలా బాధాకరం, కానీ బయటి దేశంవాళ్ళం మేం చేయగలిగింది లేదని. ఆ జవాబు చదివి వినిపిస్తుంటే నా గొంతు నాకే పరాయిగా ఉంది.

ఒక ఆదివారం మా ఇంటి నుంచే ఆ స్నేహితురాలికి ఫోన్ చేసింది. చీటీల బీరువాలు ఏమయ్యాయని అడిగిందట. అవతలామె ఇక్కడ వానలు పడుతున్నాయందట. మళ్ళీ అడిగితే మనవడికి పళ్ళొస్తున్నాయందట. తెయ్‌జే ఫోన్ పెట్టేసి, "భయపడుతోంది. ఫోన్‌లో అడగకుండా ఉండాల్సింది," అంది.

కొన్ని నెలలకి పత్రిక మళ్ళీ వచ్చింది. అదే పేరు. లోపల సంపాదకుల పేర్లు మాత్రం మారాయి. నా సూపర్‌వైజర్ దగ్గరికి పట్టుకెళ్ళి, దీన్ని వేసేవాళ్ళు మారిపోయారు, కార్డు మీద ఒక ముక్క రాయాలని అడిగాను.

"టైటిల్ మారిందా?"

"లేదు."

"సంస్థ పేరు?"

"అదీ లేదు. కానీ..."

"అయితే కంటిన్యూ చెయ్," అన్నాడు. మంచివాడే. రూల్ అంతే. నేను వెళ్ళి నా కుర్చీలో కూచుని, పాత వరసలోనే ఆ నెల గడిలో టిక్ పెట్టాను.

సాయంత్రం తెయ్‌జే అడిగింది, కార్డు మీద రాశావా అని. రాయనివ్వలేదన్నాను. "సరే," అని నా చెయ్యి తట్టింది. ఓదార్చాల్సింది నేను కదా అనిపించి మరీ కుంగిపోయాను.

ఎనభై నాలుగు వేసవిలో ఆమె వెళ్ళిపోయింది. తర్వాత ఒక ఉత్తరం వస్తే ఆమె కూతురు మా డైనింగ్ టేబుల్ దగ్గర కూచుని ఇంగ్లీషులోకి మార్చి చదివింది. తెయ్‌జే సంస్థ బిల్డింగ్‌కి వెళ్ళిందట. గేటు దగ్గర కుర్రాడు మర్యాదగా కూచోబెట్టి, టీ తెప్పించి, ఎవరిని కలవాలని అడిగాడట. తను పనిచేసిన గది ఒక్కసారి చూస్తానంది. పర్మిషన్ ఉండాలన్నాడు. టీ తాగేసి వచ్చేసింది.

పాత సభ్యులు వేరే సంఘం పెట్టుకున్నారని మరో రెండు మూడేళ్ళకి తెలిసింది. తెయ్‌జే కూడా చేరిందిగానీ, అప్పటికే చూపు తగ్గి, మీటింగులకి వెళ్ళలేకపోయేదట. కూతురు కుటుంబం ఉద్యోగం మారి చాండ్లర్ అనే ఊరికి వెళ్ళిపోయింది. మొదట్లో క్రిస్మస్‌కి కార్డులొచ్చేవి. తెయ్‌జే ఎలా ఉందని ప్రతిసారీ అడిగేదాన్ని. ఒక ఏడాది నా కార్డు అడ్రస్ లేదని తిరిగొచ్చింది. ఎవరిని అడగాలో నాకు తెలియలేదు.