అమ్మ చేతి గాజు, ఇంగ్లండు బండి

మా చిన్నప్పుడు... హైదరాబాద్ పాతబస్తీ, మాదన్నపేటలోని మా గల్లీలోకి ఓ ఆకుపచ్చ కారు వచ్చింది. వచ్చింది అనడం కన్నా లాక్కొచ్చారు అనాలి. ముందు ఆటో, మధ్యలో తాడు, వెనక ఈ కారు. రెండే సీట్లు, పైన కప్పు లేదు, మూతి మాత్రం బారెడు... ఇంగ్లండులో తయారైన పాత బండి అట. హారన్ మూగబోయింది, వైపర్లు కదలవు, ఇండికేటర్ ఒక పక్కే వెలుగుతుంది.

మా బాపు బండ్ల కరెంటు పని చేసేవాడు. ముందు గది షాపు, వెనక గదిలో మా కాపురం. ఆ బండి మా గడప ముందు ఆగేసరికి గల్లీ అంతా అక్కడే ఉంది.

బాపు హారన్ విప్పి తుప్పు గీకాడు. వైపర్ మోటారును మా అన్నం పళ్లెంలోనే కిరోసిన్ పోసి కడిగాడు... నానమ్మ తిట్లు వినపడనట్టే ఉన్నాడు. షాపు బ్యాటరీతో చూస్తే రెండూ పనిచేశాయి. ఇక కొత్త బ్యాటరీ బిగించి బండి స్టార్ట్ చేయడమే మిగిలింది.

బ్యాటరీకి రెండు వైర్లు. మైనస్ వైరు బండి బాడీకి కలపాలి. మా గల్లీలో ఏ మెకానిక్ చెయ్యైనా కళ్లు మూసుకున్నా అక్కడికే పోతుంది. బాపు చెయ్యీ అక్కడికే పోయింది.

బండి స్టార్ట్ అయింది. అందరూ చప్పట్లు కొట్టారు. బాపు నవ్వుతూ రేస్ పెంచాడు... అంతే. ముందు కాలిన వాసన, తర్వాత పొగ.

బండి యజమానిని మేం సాబ్ అనేవాళ్లం. తెల్ల షేర్వాణీ, చేతికర్ర. ఆయన తల పట్టుకున్నాడు. "అరే ఉస్తాద్... ఈ బండికి ఉల్టా. ప్లస్ బాడీకి పోవాలె. నేనన్నా చెప్పలేదు, నువ్వన్నా అడగలేదు."

కాలింది డైనమో. బండి నడుస్తుంటే కరెంటు పుట్టించేది అదే. లోపల తిరిగే రాగి చుట్లన్నీ మాడి మసి. అలాంటిది హైదరాబాద్ అంతా గాలించినా దొరకదు.

సాబ్ డ్రైవరు మళ్లీ తాడు తీశాడు. "చెప్పిన గద సాబ్, పాతబస్తీల ఇయ్యొద్దని. కొత్త సిటీల పెద్ద గ్యారేజీకి తీస్కపోదాం." ఆ మాట విని బాపు లోపలికి వచ్చి గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఆ బండి అలాగే తాడుతో పోతే బాపు పేరు కూడా దాని వెంటే పోతుందని నాకు ఆ వయసులోనే తెలిసింది. ఏడుపొచ్చింది.

అప్పుడు వంటింట్లోంచి అమ్మ వచ్చింది. చేతికి పిండి. వెళ్లి బండి ముందు నిలబడింది.

"సాబ్, చెడగొట్టింది మేం. బాగు చేసేది గూడ మేమే. గప్పటిదాంక బండి ఈ గల్లీ దాటదు."

డ్రైవరు నవ్వాడు. సాబ్ నవ్వలేదు. "సరే బిడ్డా... వచ్చే జుమ్మా దాకా టైము" అన్నాడు.

అమ్మ పుట్టింట్లో మోటార్ల వైండింగ్, అంటే రాగి తీగ చుట్టే పని చేసేవారు. పెళ్లయ్యాక బాపు కోసం ఫ్యాన్లు చుట్టేది, అంతవరకే. డైనమో ఎన్నడూ ముట్టలేదు. మాడిన తీగ ఎన్ని చుట్లుందో చూసుకుంటూ విప్పింది. కొత్త రాగి తీగ నేను పట్టుకుంటే తను చుట్టింది. తీగ జారకుండా వెదురు పుల్లలు చెక్కి దిగ్గొట్టింది. వార్నిష్ పట్టించి డాబా మీద, నానమ్మ ఎండబెట్టిన వడియాల పక్కనే ఆరబెట్టింది... ఆ యేడు మా వడియాలు ఎవ్వరూ తినలేదు.

బాపు రెండు రోజులు ఆ పక్కకే రాలేదు. తర్వాత ఎవరూ పిలవకుండానే వచ్చి అతుకులు పెట్టడానికి కూర్చున్నాడు.

శుక్రవారం జుమ్మా నమాజ్ అయ్యాక సాబ్ వచ్చాడు. గల్లీ అంతా మళ్లీ చేరింది. బాపు రెండు వైర్లూ చేతిలో పట్టుకొని... ఆగిపోయాడు. ఏది ఎక్కడికో తెలిసిన మనిషే, తన చేతులనే నమ్మలేకపోతున్నాడు.

అమ్మ తన ఎర్ర లక్క గాజు తీసి ప్లస్ వైరుకు తొడిగి దారంతో కట్టింది. "గాజున్న వైరు బాడీకి. ఇగ కండ్లు మూస్కొని బిగించు."

నానమ్మ లబోదిబోమంది. "పెనిమిటి ఎదురుంగ ఉండంగ చేతి గాజు తీస్తవా?"

"ఆయన పేరు నిలబెట్టెతందుకే తీసిన అత్తమ్మా" అంది అమ్మ.

బాపు బిగించాడు. బండి స్టార్ట్ చేసి రేస్ పెంచాడు... పొగ లేదు, వాసన లేదు. సాబ్ హారన్ నొక్కుకుంటూ గల్లీ దాటి వెళ్లాడు. డ్రైవరు తాడు చుట్టుకొని పక్క సీట్లో కూర్చున్నాడు.

ఇప్పుడు బాపు లేడు. షాపు నాది. వచ్చినవాళ్లు ఆడమనిషినని నన్ను దాటి లోపలికి చూస్తూ "ఉస్తాద్ ఎక్కడ?" అంటారు. ఎదురుగానే ఉన్నా అంటాను. అమ్మ కళ్లజోడు పెట్టుకొని ఇప్పటికీ నా చుట్లలో తప్పులు వెతుకుతుంది.

ఈ రోజుల్లో ఎవరూ ఏదీ విప్పరు... పారెయ్, కొత్తది వెయ్. మొన్న ఒకాయన అలాంటి పాత బండే తెచ్చి, డైనమో తీసేసి కొత్త రకం పెట్టమన్నాడు. పెట్టనన్నాను. చుట్టి ఇచ్చాను. ప్లస్ వైరుకు నేను కట్టిన ఎర్ర గాజు చూసి, "పాత బండ్ల షోలో ఇది బాగుండదు, తీసేయండి" అన్నాడు.

"గాజు తీసుడు లేదు. కావాలంటే తాడు ఇస్త, లాక్కపో" అన్నాను.

గాజుతోనే తీసుకెళ్లాడు.

మీ ఇంట్లో కూడా బండికి అడ్డం నిలబడ్డ మనిషి ఎవరో ఉండే ఉంటారు... ఆ పేరు ఇక్కడ రాయండి. మా అమ్మకు చదివి వినిపిస్తాను.