తక్కువ అంకె

మా మనవరాలు భవిత కుదుదండ్ పేటలోని మా ఇంట్లో కూర్చునే ముంబై సంస్థకు పనిచేస్తుంది. కంపెనీలకు ఎంత లాభం వస్తుందో ముందే అంచనా కట్టడం ఆమె ఉద్యోగం. అంచనా తప్పితే ఆ తర్వాత ఆమె మాట ఎవరూ నమ్మరు.

మొన్న ఒక సిమెంటు కంపెనీ వార్షిక నివేదిక వచ్చాక ఆమెకు అన్నం సయించలేదు. అందులో పేజీపేజీకీ ‘డిజిటల్ పరివర్తన’ ఉంది. ఆ మాట ఎంత ఎక్కువ కనిపిస్తే ఆమె ఆఫీసు సాఫ్ట్‌వేర్ రాబోయే లాభాన్ని అంత పెంచి చూపిస్తుందట. తోటివాళ్లంతా ఆ పెద్ద అంకెనే పంపేశారు.

“ఏటే, అంత బెంగెందుకు?” అన్నాను.

“ఏం మార్చారో రాయలేదు తాతా. ఖర్చెంతో లేదు, ఏ పని తగ్గిందో లేదు.”

“అచ్ఛా, నేను పులిని చంపానని చెప్పుకునే కథలాగన్నమాట. ఏ అడవో మాత్రం అడక్కూడదు.”

ఆమె నవ్వలేదు. కంపెనీవాళ్ల ఫోన్ సమావేశంలో మాత్రం, “ఏ పనిని డిజిటల్ చేశారు సార్?” అని అడిగింది. అటునుంచి ఒక పెద్దమనిషి దూరదృష్టి గురించి చాలాసేపు మాట్లాడాడు.

భవిత తన అంకె తగ్గించి పంపింది. అంత తక్కువ చెప్పింది ఆమె ఒక్కతే. కంపెనీకి నిజంగా ఎంత లాభం వచ్చిందో చెప్పే ఫలితాలు ఇంకా రాలేదు. ఆమె ఫోన్ మోగితే ముందు నేనే ఉలిక్కిపడుతున్నాను.